10,000 లక్స్ దీపం పెట్టినా మార్పు లేదు, తప్పు ఎక్కడ?

మబ్బుపొద్దు:

నమస్కారం అండీ. వరుసగా మూడో చలికాలం ఇది. పగలు కురచయ్యే కొద్దీ డిప్రెషన్ మొదలై, వసంతం రాగానే దానంతట అదే పోతోంది. డాక్టర్ సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ (చలికాలపు డిప్రెషన్) అని తేల్చి లైట్ బాక్స్ వాడమన్నారు. కొన్నదాని పెట్టె మీద 10,000 లక్స్ (వెలుగు కొలత) అని ఉంది, సైజు స్కూలు పలకంత. మానిటర్ పక్కన, కంటికి 60 సెం.మీ. దూరంలో పెట్టి, పనిలో కూర్చున్నాక తొమ్మిదిన్నర, పది మధ్య 20 నిమిషాలు వాడుతున్నాను. రెండు వారాలైంది. నిద్ర ఇంకా పది గంటలే, లేచాక మగత వదలదు, తీపి మీద యావా తగ్గలేదు.

దూరం ఎంత ఉండాలి? ఏ వేళకి పెట్టాలి? పనిచేయట్లేదని ఎప్పుడు తేల్చుకోవాలి? గదిలో పెద్ద బల్బులు బిగించుకుంటే చాలదా? విటమిన్ డి వేసుకోమంటున్నారు, అది కూడా చెప్పండి.

లక్స్‌లెక్క:

పెట్టె మీద అంకె అబద్ధం కాకపోవచ్చు, కానీ సగమే చెప్తుంది. ఎంత దూరంలో 10,000? పలకంత సైజువాటికి చాలామటుకు అది 15 సెం.మీ. దగ్గర లెక్క, అంటే ముక్కు తగిలేంత దగ్గర. మాన్యువల్‌లో వెనక పేజీల్లో సన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి.

దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ఆ లెక్కన 15 దగ్గర 10,000 ఉంటే 30 దగ్గర 2,500, 60 దగ్గర 625. పలక మరీ దగ్గరున్నప్పుడు ఈ సూత్రం ఇంత కచ్చితంగా నడవదు, కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది. ఎంత ఉదారంగా లెక్కేసినా మీ కంటికి చేరేది వెయ్యి లోపే.

ఇప్పుడు మోతాదు. మామూలుగా చెప్పేది 10,000 లక్స్ అయితే అరగంట, 5,000 అయితే గంట, 2,500 అయితే రెండు గంటలు. ఇదే లెక్కని కిందికి సాగదీసి 600 లక్స్ కింద రోజంతా కూర్చుంటే సరిపోతుందనుకోకండి. మీరు ఇరవై నిమిషాల్లో తీసుకుంటున్నది మందులో పదో వంతు కూడా కాదు.

కొలుచుకోవడం తేలిక. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. మీరు కూర్చునే చోట, కంటి పక్కనే ఫోన్ పెట్టి స్క్రీన్ వైపు దీపానికి తిప్పండి (సెన్సర్ స్క్రీన్ పైభాగంలో ఉంటుంది). కొన్ని ఫోన్లలో యాప్‌కి సెన్సర్ అందదు, కెమెరాతో అంచనా కడుతుంది, అప్పుడు అంకెని నమ్మలేం. దగ్గరికీ దూరానికీ తేడా మాత్రం తెలుస్తుంది.

కోణం కూడా చూడండి. దీపం మానిటర్ పక్కన ఉంది, మీ చూపు మానిటర్ మీద ఉంది. పక్కకి 60 డిగ్రీల్లో ఉంటే కంటి మీద పడేది సగమే. దాన్ని ముందుకు తెచ్చి, చూపుకి కొద్దిగా పైన, కొద్దిగా పక్కగా పెట్టి మొహానికి వంచండి. దీపంలోకి గుచ్చి చూడనక్కర్లేదు, కళ్లు తెరిచి ఉంటే చాలు. చలవ కళ్లద్దాలూ, పసుపు రంగు అద్దాలూ తీసేయండి. మామూలు పవర్ అద్దాలతో ఇబ్బంది లేదు.

బల్బుల సంగతి: దీపాలు వెలిగే ఇంటి గదిలో 100 నుంచి 300 లక్స్, ఆఫీసులో 300 నుంచి 500 ఉంటాయి. బయట ముసురు పట్టిన పగలు కూడా వెయ్యి దాటి కొన్ని వేలదాకా ఉంటుంది. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఈ తేడా మనకి తెలియదు. గదిలో బల్బులు రెట్టింపు చేసినా 600 దగ్గర ఆగుతారు. పోనీ శక్తివంతమైన బల్బుని మొహం ముందు పెడదామంటే మిగిలేది కళ్లు జిగేల్‌మనడమే. లైట్ బాక్స్‌కి వెడల్పాటి తెల్ల పలక పెట్టేది అందుకే.

అల్ట్రావయొలెట్ వడకట్టినదేనా అన్నది కూడా చూసుకోండి. చర్మం రంగు మార్చుకునే దీపాలు ఈ పనికి వాడకూడదు, కళ్లు దెబ్బతింటాయి.

కోడికూత:

దూరం సర్దుకున్నా తొమ్మిదిన్నర ఆలస్యమే. కంటి రెటీనాలో చూపుతో పెద్దగా సంబంధం లేని కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం దాదాపు 480 నానోమీటర్ల నీలపు వెలుగుకి బాగా స్పందించి, మెదడులోని గడియారానికి తెల్లారిందని కబురు పంపుతుంది. చలికాలంలో చాలామందికి ఈ గడియారం వెనకబడుతుంది. మీ లక్షణాలు అలాంటివే: పది గంటలు పడుకున్నా లేచాక వదలని మగత. పొద్దుటి వెలుగు దాన్ని ముందుకి జరుపుతుంది. సాయంత్రం పెడితే ఇంకా వెనక్కి నెడుతుంది, పైగా నిద్ర చెడుతుంది.

నిద్ర లేచిన గంటలోపు పెట్టండి, రోజూ అదే వేళకి.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. మామూలుగా తొమ్మిదింటికి లేచే మనిషి ఉత్సాహం కొద్దీ అయిదింటికి అలారం పెట్టుకుని దీపం ముందు కూర్చుంటాడు. ఒంటి ఉష్ణోగ్రత అన్నిటికన్నా తగ్గే ఘడియ, సహజంగా మెలకువ వచ్చే వేళకి సుమారు రెండు మూడు గంటల ముందు ఉంటుంది. దానికి ముందు పడిన వెలుగుని మెదడు ఇంకా సాయంత్రమే అనుకుని గడియారాన్ని వెనక్కి తిప్పుతుంది. కష్టపడి లేచీ పరిస్థితిని చెడగొట్టుకున్నట్టు. ఇప్పుడు లేచే వేళకే మొదలుపెట్టి రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు త్వరగా లేస్తూ రండి. తెల్లవారుజామునే మెలకువ వచ్చేసి మళ్లీ నిద్ర పట్టకపోతే అతి అయిందని లెక్క, దీపం కాస్త ఆలస్యంగా పెట్టండి.

ఎండపొడ:

విటమిన్ డి గురించి రెండు ముక్కలు. రక్తపరీక్షలో తక్కువని తేలితే తప్పకుండా సరిచేసుకోవాలి, ఎముకలకోసమైనా. చలికాలపు డిప్రెషన్‌కి దాన్ని వైద్యం అనేంత బలమైన ఆధారం లేదు. లైట్ బాక్స్ ముందు కూర్చుంటే ఒంట్లో విటమిన్ డి తయారవుతుందనుకునేవాళ్లూ ఉన్నారు. అవదు, ఎందుకంటే అది తయారవడానికి కావలసిన అల్ట్రావయొలెట్‌నే వడకట్టేస్తారు. దీపం పనిచేసేది కంటి ద్వారా, చర్మం ద్వారా కాదు.

దీపం కన్నా ముందు నేను చెప్పేది, లేచిన గంటలో అరగంట బయట నడవమని. మబ్బు పట్టినా సరే.

లక్స్‌లెక్క:

బయట వెలుతురుంటే నడక మంచిదే, కాదనను. కానీ ఏడింటికి లేవాల్సిన మనిషికి ఎనిమిదిన్నరదాకా తెల్లారని చోట చీకట్లో నడిస్తే వ్యాయామం అవుతుంది, వెలుగు అందదు. అలాంటి చోట పొద్దున దీపం, మధ్యాహ్నం నడక.

మబ్బుపొద్దు:

చాలా థాంక్స్ అండీ. కొలిచాను. ఉన్న చోట 690. ఎదురుగా తెచ్చి 20 సెం.మీ.లో పెడితే 6,300. 15 సెం.మీ.లో దాదాపు 10,000 వచ్చింది కానీ పది నిమిషాలకే తలనొప్పి, కాస్త వికారం. మాన్యువల్‌లో కూడా 15 సెం.మీ. అనే ఉంది. ఇక వేరేది కొనాల్సిందేనా?

లక్స్‌లెక్క:

వెంటనే అక్కర్లేదు. 25 సెం.మీ.కి జరపండి, 4,500 ప్రాంతంలో వస్తుంది, గంటకి పైగా కూర్చోవాలి. ఇంత దగ్గర పెట్టుకోవడంలో అసలు చిక్కు తల కదలిక. 20 నుంచి 30 సెం.మీ.కి వెనక్కి వాలారంటే 6,300 కాస్తా మూడు వేల చిల్లరకి దిగుతుంది. మీరు వాలినట్టు కూడా గుర్తించరు. వెడల్పు పలక ఉన్న పెద్ద పెట్టెలు 40 నుంచి 60 సెం.మీ. దూరంలోనే 10,000 ఇస్తాయి, తల కొంచెం అటూ ఇటూ కదిలినా పెద్దగా తేడా పడదు. ఎప్పుడైనా కొంటే కొనే ముందు అడగాల్సింది ఒక్కటే: 10,000 ఎన్ని సెంటీమీటర్ల దగ్గర?

తలనొప్పి, కళ్లు లాగడం, వికారం మొదటి రోజుల్లో మామూలే. 15 నిమిషాలతో మొదలుపెట్టి రెండు రోజులకోసారి అయిదేసి నిమిషాలు పెంచండి. చీకటి గదిలో ఒక్క దీపమే వెలిగితే కంటికి మరీ గుచ్చుకుంటుంది, గది లైటు కూడా వేసుకోండి.

ఆ గంటలో ఒళ్లో ఫోన్ పెట్టుకుని తల వంచేస్తే వెలుగంతా నుదుటికీ రెప్పలకీ పోతుంది. పుస్తకమో ట్యాబో దీపం కిందే నిలబెట్టి, మొహం ఎత్తి చదవండి.

మందుచీటీ:

దీపం మందులాంటిదేనని పైన అన్నారు. అలాంటప్పుడు పడనివాళ్లూ ఉంటారు కదా, ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఎప్పుడైనా నిద్ర అవసరం లేకుండా రోజుల తరబడి విపరీతమైన హుషారు, ఆగని మాట, అదుపు లేని ఖర్చు కనిపించి ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉంటే, ముందు సైకియాట్రిస్టుకి చెప్పాలి. వెలుగు అలాంటివాళ్లని ఉన్మాదం వైపు నెట్టగలదు. వాళ్లకి పొద్దున కాకుండా మధ్యాహ్నం, తక్కువ నిమిషాలతో, మూడ్ స్టెబిలైజర్ (మనస్థితిని నిలకడగా ఉంచే మందు) వేసుకుంటుండగా ఇచ్చే పద్ధతి ఉంది. సొంతంగా చేసేది కాదు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లూ, మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బు ఉన్నవాళ్లూ కంటి డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్, మానసిక జబ్బులకిచ్చే క్లోర్‌ప్రొమజైన్, మూలికా మందుగా అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ లాంటివి ఒంటికి వెలుగు సరిపడకుండా చేస్తాయి. వేసుకుంటున్నవన్నీ డాక్టర్‌కి చెప్పండి.

ఇక ఎన్నాళ్లు చూడాలన్నది. సరైన మోతాదు, సరైన వేళ మొదలైన రోజునుంచి లెక్కేయండి. మీకు గడిచిన రెండు వారాలు లెక్కలోకి రావు. చాలామందికి వారం, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. మూడు నాలుగు వారాలకీ కదలిక లేకపోతే డాక్టర్‌తో మాట్లాడి వేరే దారి చూడాలి. "బాగున్నట్టుంది" అన్న అంచనా మీద నడవకండి. వారానికోసారి, ఒకే రోజున, పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) నింపి మార్కులు రాసుకోండి (మొత్తం 27), పక్కనే నిద్రపోయిన గంటలు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకపోతే డాక్టర్‌కి చెప్పాల్సిందే. చచ్చిపోవాలనే ఆలోచన గట్టిగా ఉంటే దీపం పనిచేసేదాకా ఆగకూడదు, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వేరే దారులు రెండున్నాయి. ఒకటి మందులు. కెనడాలో 96 మందితో చేసి 2006లో అచ్చయిన పరీక్షలో 10,000 లక్స్ అరగంట దీపం, 20 మి.గ్రా. ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఎనిమిది వారాలకి సమానంగా పనిచేశాయి, మొదటి వారంలో మాత్రం దీపానిది పైచేయి. మూర్ఛ వచ్చినవాళ్లకీ, అనోరెక్సియా, బులీమియా ఉన్నవాళ్లకీ పనికిరాని బ్యుప్రోపియాన్ అనే మందు ఇంకోటుంది. దాని ఎక్స్ఎల్ (మెల్లగా విడుదలయ్యే) రకానికి ఈ జబ్బు రాకుండా ముందే వాడేందుకు అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది.

రెండోది ఈ జబ్బుకోసమే మలిచిన సీబీటీ, అంటే ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం. వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున ఆరు వారాలు. అమెరికా సైకాలజిస్టు కెల్లీ రోహన్ బృందం 177 మందితో చేసిన పనిలో ఆ చలికాలానికి దీపమూ సీబీటీ ఒకలాగే పనిచేశాయి. రెండేళ్ల తర్వాతి చలికాలంలో చూస్తే జబ్బు తిరగబెట్టింది సీబీటీ వాళ్లలో సుమారు 27 శాతానికి, దీపం వాళ్లలో 46 శాతానికి. ఇందులో వింతేం లేదు. దీపం వాడితేనే పనిచేస్తుంది, రెండో ఏటికి చాలామంది దాన్ని అటక మీద పడేస్తారు. "చీకటి పడిందంటే నా పని అయిపోయినట్టే" అన్న ఆలోచనని పట్టుకుని ప్రశ్నించడం, దుప్పట్లోంచి బయటికి లాగే పనిని ముందే డైరీలో రాసి పెట్టుకోవడం లాంటివి ఒకసారి అలవాటైతే మిగులుతాయి.

మబ్బుపొద్దు:

బైపోలార్ లేదని డాక్టర్ ముందే అడిగి చూసుకున్నారండీ, కంటి పరీక్ష వచ్చే వారం. కాస్త తేరుకున్నాక ఆపేయొచ్చా?

కోడికూత:

ఆపకండి. నాలుగైదు రోజులు మానేస్తే చాలామందికి మగత తిరిగొస్తుంది. వసంతంలో మామూలుగా తేరుకునే రోజులదాకా సాగించి, తర్వాత నిమిషాలు తగ్గించుకుంటూ పోండి. వచ్చే ఏడు లక్షణాలు మొదలయ్యే తేదీకి రెండు వారాల ముందే దీపం దించండి, నిద్ర పది గంటలకి చేరేదాకా ఆగొద్దు. ఊరు వెళ్తే వెంట పట్టుకెళ్లండి, చిన్నదానికున్న ఒకే సుఖం అది.

మెల్లగా వెలుగు పెంచే అలారం దీపాలూ ఉన్నాయి. లేవడానికి బాగా సాయపడతాయి, కానీ అవి ఇచ్చేది రెండు మూడు వందల లక్స్. ఒక్కదానితోనే నెట్టుకురావడం కన్నా పెట్టెకి తోడుగా వాడుకోవడం నయం.

మబ్బుపొద్దు:

సరేనండీ. ఇప్పుడు ఎనిమిదిన్నరకి లేస్తున్నాను. కంటి డాక్టర్ సరేననగానే తొమ్మిది లోపు, మొదట 15 నిమిషాలు. 25 సెం.మీ. దగ్గర 4,400 చూపించింది. దీపం ఎక్కడుండాలో టేబుల్ మీద, కుర్చీ ఎక్కడుండాలో నేల మీద టేపు అంటించాను. పీహెచ్‌క్యూ ఇవాళ 14, నిద్ర 10 గంటల 10 నిమిషాలు. మూడు వారాలయ్యాక అంకెలు ఇక్కడే పెడతాను.