శాంతినివాసం రాజమౌళి ఖాతాలో ఎందుకు పడదు? టీవీకి తీసినవి డైరెక్టర్ లెక్కలోకి వస్తాయా రావా?

ఇంటర్వెల్ బ్యాంగ్:
రాజమౌళి ఎన్ని తీశాడని ఎవర్ని అడిగినా 2001లో వచ్చిన స్టూడెంట్ నంబర్ 1 నుంచే వేళ్లు మడుస్తారు. దానికి ముందు ఈటీవీకి తీసిన శాంతినివాసం సీరియల్ ఊసే ఎత్తరు. అదే సత్యజిత్ రే దగ్గరికొస్తే, 1981లో దూరదర్శన్ కోసం తీసిన సద్గతి ప్రతి జాబితాలోనూ ఉంటుంది. అదీ టీవీయే, ఇదీ టీవీయే. మరి ఆయనకో రూలు, ఈయనకో రూలా? నా మట్టుకు నాకు, దర్శకత్వం అని పేరు పడితే అది ఆయన పనే. బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి, ముందు లెక్కలో వేయాలి.

కట్ చెప్పండి:
పేరు పడితే చాలదండీ. సద్గతికి స్క్రీన్‌ప్లే రేదే, సంగీతం రేదే, గంటలోపు అయిపోయే ఒకే కథ. డైలీ సీరియల్ అలా కాదు. కథ ఎటు పోవాలో ఛానల్ చెబుతుంది, రేటింగ్ చెబుతుంది. రోజుకో ఎపిసోడ్ అందించాలన్న టెన్షన్‌లో షాట్ గురించి ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది? అక్కడ డైరెక్టర్ చేసేది బండి ఆగకుండా చూడటం. దాన్ని తీసుకొచ్చి సినిమాల పక్కన పెడితే ఆ డైరెక్టర్‌కే అన్యాయం.

పాత యాంటెన్నా:
తీరిక లేకపోవడమే కొందరికి బడి అయింది. సిడ్నీ లూమెట్ అమెరికాలో లైవ్ టీవీ నాటకాలు చేస్తూ పెరిగినవాడు. లైవ్ అంటే రీటేక్ లేదు. నటుడు డైలాగ్ మర్చిపోయినా, కెమెరా కేబుల్ అడ్డం వచ్చినా అలాగే ప్రసారమైపోతుంది. అలాంటి చోట పనిచేసి 1957లో మొదటి సినిమా 12 యాంగ్రీ మెన్ తీశాడు. ఆ కథ కూడా అంతకు మూడేళ్ల ముందు టీవీ నాటకంగా వచ్చిందే (అది తీసింది వేరే డైరెక్టర్). ఇంచుమించు సినిమా అంతా ఒకే గదిలో, పన్నెండు మంది మనుషులతో. మొదట కెమెరా కంటి ఎత్తుకు పైన ఉంటుంది, తర్వాత కంటి ఎత్తుకు దిగుతుంది, చివరి భాగంలో ఇంకా కిందికి వెళ్తుంది. అప్పుడు గది పైకప్పు కూడా ఫ్రేమ్‌లోకి వచ్చి మీద పడుతున్నట్టు ఉంటుంది. లెన్సులు కూడా వరసగా మారుస్తూ గోడలు దగ్గరకొచ్చినట్టు చేశాడు. ఇరుకు సెట్లో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాడికే ఇంత తెగువ వస్తుందని నా నమ్మకం.

కట్ చెప్పండి:
బడి అన్నారు చూశారా, నేను చెప్పేదీ అదే. స్కూల్లో రాసిన పరీక్షలు రెజ్యూమేలో పెట్టుకుంటామా?

పాత యాంటెన్నా:
మరి సస్పెన్స్ సినిమాల డైరెక్టర్ హిచ్‌కాక్? 1955లో సొంత టీవీ సిరీస్ మొదలయ్యేనాటికే ఆయన పేరు మోగిపోతోంది. నేర్చుకోవడానికి వెళ్లలేదుగా. పైగా 1960లో వచ్చిన సైకోని తన మామూలు కెమెరామన్‌తో కాక, ఆ టీవీ సిరీస్ కెమెరామన్ జాన్ ఎల్. రసెల్‌తో, చాలావరకు ఆ టీవీ యూనిట్‌తోనే తీశాడు. బ్లాక్ అండ్ వైట్‌లో, సుమారు 8 లక్షల డాలర్లలో.

లాస్ట్ బెంచ్:
అందులో షవర్ సీన్ ఒక్కదానికే వారం పట్టింది. టీవీలో అయితే వారంలో ఒక అరగంట ఎపిసోడ్ పూర్తిచేసి రెండోది మొదలుపెట్టేవారు. యూనిట్ టీవీదే, టైమ్ మాత్రం సినిమాది. ఈ ఉదాహరణ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది సార్.

గెస్ట్ అప్పియరెన్స్:
నిర్మాత, రచయిత, డైరెక్టర్... వీళ్లలో ఆఖరి మాట ఎవరిదో చూడకుండా ఈ చర్చ ఎక్కడికీ పోదు. అమెరికన్ టీవీ సిరీస్ బ్రేకింగ్ బ్యాడ్‌లో ఓజిమాండియాస్ అని ఒక ఎపిసోడ్ (2013). డైరెక్టర్ రయన్ జాన్సన్, రాసింది మోయిరా వాలీ-బెకెట్, సిరీస్ సృష్టికర్త విన్స్ గిలిగన్. పాత్రలు, వాళ్ల గతం, సిరీస్ లుక్కు, అన్నీ జాన్సన్ వచ్చేసరికే స్థిరపడి ఉన్నాయి. దాన్ని "జాన్సన్ సినిమా" లాగా లెక్కేస్తే నవ్వొస్తుంది. అదే 2017లో వచ్చిన ట్విన్ పీక్స్ టీవీ సిరీస్ తీసుకోండి. పద్దెనిమిది భాగాలూ డేవిడ్ లించ్ ఒక్కడే తీశాడు, మార్క్ ఫ్రాస్ట్‌తో కలిసి రాశాడు. ఫ్రెంచి సినిమా పత్రిక కైయే దు సినిమా దాన్ని ఆ దశాబ్దపు ఉత్తమ చిత్రాల జాబితాలో మొదటి స్థానంలో పెట్టింది. పెట్టడం సబబే అంటాను.

ఇంటర్వెల్ బ్యాంగ్:
ఇక్కడొక మెలిక ఉంది. బోర్డ్‌వాక్ ఎంపైర్ అనే టీవీ సిరీస్‌కి హాలీవుడ్ డైరెక్టర్ స్కోర్సేసీ తీసింది మొదటి ఎపిసోడ్ ఒక్కటే (2010). కానీ తర్వాత వచ్చిన డైరెక్టర్లంతా ఆ ఎపిసోడ్ చూపించిన దారిలోనే నడవాలి. అంటే ఒక్కటి తీసినవాడి చెయ్యి మిగతా అన్నిటి మీదా ఉన్నట్టే కదా? ఎపిసోడ్లు లెక్కపెడితే ఇది తేలదు.

లాస్ట్ బెంచ్:
బాపు గారి భాగవతం సంగతేంటి మరి? ఈటీవీలో వచ్చినా ప్రతి ఫ్రేమూ బాపు బొమ్మలాగే ఉంటుంది. ఆఖరి మాట ఎవరిదో విడిగా చెప్పాలా?

కట్ చెప్పండి:
బాపు, రే, లించ్... మీరంతా మినహాయింపులే ఏరుకొస్తున్నారు. సగటు టీవీ పని సంగతి చెప్పండి.

గెస్ట్ అప్పియరెన్స్:
సగటు సినిమాలూ చెత్తేగా, వాటిని లెక్కలోంచి తీసేస్తున్నామా? ఫ్లాపులన్నీ ఫిల్మోగ్రఫీలో కూర్చునే ఉన్నాయి. అసలు చిక్కు వేరే. స్వీడన్ డైరెక్టర్ బెర్గ్‌మాన్ తీసిన ఫానీ అండ్ అలెగ్జాండర్ టీవీకి 312 నిమిషాలు, థియేటర్‌కి 188 నిమిషాలు. నాలుగు ఆస్కార్లు వచ్చింది పొట్టిదానికి, కథ పూర్తిగా ఉన్నది పొడుగుదాంట్లో. పోలెండ్ డైరెక్టర్ కీస్లోవ్‌స్కీ ఇంకో అడుగు ముందుకేశాడు. అక్కడి టీవీకి తీసిన డెకలాగ్ సిరీస్ పది భాగాల్లో రెండిటిని పెంచి సినిమాలు చేశాడు. ఆరో భాగం చూడండి: ఎదురింటి ఆవిడను టెలిస్కోప్‌లో చూసే పోస్టాఫీసు కుర్రాడి కథ. టీవీలో "ఇక మిమ్మల్ని చూడటం లేదు" అని ఆవిడ మొహం మీదే చెప్పేస్తాడు, అక్కడితో సరి. సినిమాలో ఆవిడే ఆ టెలిస్కోప్‌లోంచి తన ఇంటిని చూసుకుంటూ, తను ఏడ్చిన రాత్రి ఆ కుర్రాడు పక్కనుండి ఓదార్చినట్టు ఊహించుకుంటుంది. ఒకటి తలుపు మూసేస్తుంది, ఇంకోటి తెరిచి పెడుతుంది. టీవీది చిత్తుప్రతి, సినిమా సాపు ప్రతి అని ఎవరనగలరు?

కట్ చెప్పండి:
సరే, మీ పద్ధతిలోనే అడుగుతా. ఆ రెండింట్లో లెక్కలో ఏది వేస్తారు?

గెస్ట్ అప్పియరెన్స్:
రెండూ.

కట్ చెప్పండి:
అప్పుడు పది కథలకు పన్నెండు సినిమాలవుతాయి.

గెస్ట్ అప్పియరెన్స్:
కానివ్వండి. పన్నెండూ ఆయనే కదా తీసింది.