శిలలు ద్రవించాయా, స్రవించాయా?

కృష్ణాతీరం:
నాన్ మడోల్ గురించి రాస్తున్నాను. పసిఫిక్‌లో పోన్‌పే దీవిని ఆనుకుని, పగడపు దిబ్బ మీద వందకు దగ్గరగా చిన్న చిన్న దీవులు పేర్చి, మధ్యలో కాలువలు వదిలిన రాతి నగరం. ఇప్పుడక్కడ కాపురం ఉండేవారు లేరు. ఫొటోలు చూసినప్పటి నుంచి ‘శిలలు స్రవించి యేడ్చినవి’ అనే ముక్క నాలుక మీద ఆడుతోంది. మిగతాది అందడం లేదు. ‘స్రవించి’యేనా?

ఛందోభిమాని:
‘ద్రవించి’ అండీ. కొడాలి వెంకట సుబ్బారావు గారి హంపీక్షేత్రం కావ్యంలోది, చంపకమాల. ‘జీర్ణములైనవి తుంగభద్రలో / పల గుడిగోపురంబులు’ అని సాగుతుంది. శి–జీ యతి.

పాతపుస్తకం:
యతి పదకొండో అక్షరం. పేచీ నాలుగో అక్షరం దగ్గర. ‘ద్ర’ అన్నా ‘స్ర’ అన్నా లఘువే, ముందున్న ‘లు’ కూడా రెండు పాఠాల్లోనూ లఘువే కాబట్టి గణాలు తీర్పు చెప్పవు. మా ఇంట్లో పెద్దవాళ్లు ‘స్రవించి’ అనే పాడేవారు. రాయి కరగదు, చెమ్మ ఊరుతుంది. ఏడుపుకి అదే దగ్గర.

ఛందోభిమాని:
పాడేవాళ్ల నోట అక్షరం మారడం కొత్తేం కాదు మాస్టారూ. గుండె ద్రవించింది అంటాం, స్రవించింది అంటామా?

రాళ్లబడి:
నాన్ మడోల్ వరకు ‘ద్రవించి’కే నా ఓటు. అక్కడివి బసాల్ట్ రాళ్లు. కరిగిన లావా చల్లారి ముడుచుకుంటూ పగిలితే ఐదారు పలకల దుంగల్లా వాటంతటవే విడిపోతాయి. వాటినే ఒక వరస గోడ పొడవునా, ఒక వరస గోడకు అడ్డంగా పడుకోబెట్టి పేర్చుకుంటూ పోయారు. నాన్‌డౌవాస్ అనే రాజసమాధి బయటి గోడలు కొన్నిచోట్ల 7 మీటర్లు దాటతాయి. ఒకప్పుడు నిజంగానే ద్రవించిన శిలలవి!

కోనసీమ:
అక్కడ ఏడవడానికి ఏముందండీ? ఆ నగరాన్ని ఏలిన సౌదెలూర్ రాజులు కప్పాల కోసం జనాన్ని పీడించారని, ఇసోకెలెకెల్ అనే వీరుడు 333 మంది యోధులతో వచ్చి వాళ్లను దించేశాడని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. రాళ్లను కూడా మంత్రాలు తెలిసిన అన్నదమ్ములిద్దరు గాల్లో ఎగరేసి తెచ్చారంటారు. హంపీ శోకం మనది. దాన్ని అక్కడ పెడితే అతకదు.

కృష్ణాతీరం:
కప్పాలు మోసినవాళ్లే ఆ రాళ్లూ మోసి ఉంటారు కదండీ, నాకు గుర్తొచ్చింది వాళ్లే. పైగా ఆ గోడల గతి చూడండి. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, చేరుతూనే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకీ ఎక్కింది. కాలువలు ఒండ్రుతో పూడిపోతున్నాయి, మడచెట్ల వేళ్లు రాళ్ల సందుల్లోకి దిగి గోడల్ని విడదీస్తున్నాయి.

పాతపుస్తకం:
అలాగైతే మీకు కావలసింది ‘జీర్ణములైనవి’. అది శిలలకు అన్వయమా, తర్వాత వచ్చే గుడిగోపురాలకా? నేను శిలలకే అంటాను. ఏడ్చి ఏడ్చి జీర్ణమయ్యాయి.

ఛందోభిమాని:
గోపురాలకేనండి. ‘లోపల’ అన్న మాటను విరిచి ‘పల’ను రెండో పాదంలోకి దించారు కొడాలి వారు. ల ప్రాస కోసమే అనుకున్నా, చదివేటప్పుడు మనమూ గోపురాలతోపాటు ఏట్లోకి దిగుతాం. ‘జీర్ణములైనవి’ దగ్గర వాక్యం ఆపేస్తే ఆ దిగడమంతా పోతుంది. ఆ ఒక్క విరుపు కోసం ఎన్నిసార్లయినా చదువుతాను.

పాతపుస్తకం:
విరుపు ఒప్పుకుంటాను, అన్వయం ఒప్పుకోను. ‘స్రవించి’ కూడా వదలను. తొలి ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పెట్టండి.