రీమ్యాప్ చేసిన టర్బో కారుకు పెద్ద ఇంటర్‌కూలరా, నీటి పిచికారీయా?

మహబూబ్‌నగర్ సభ్యుడు:
నా పెట్రోల్ టర్బో కారుకు రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించి బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచాను. పొద్దున బాగానే లాగుతుంది గాని, ఈ ఎండల్లో మధ్యాహ్నం జడ్చర్ల దాటి వరుసగా ఓవర్‌టేక్‌లు చేస్తే బలం తగ్గిపోతోంది. మెకానిక్ పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే భాగం) బిగించమంటున్నాడు. అవసరమేనా?

సూర్యాపేట సభ్యుడు:
అవసరం లేదండి. ఇంటర్‌కూలర్ మీద నీళ్లు చల్లే చిన్న పంపు చాలు. సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ కార్లలో కంపెనీవాళ్లే అలాంటిది ఇచ్చారు.

నల్లగొండ సభ్యుడు:
పిచికారీ పనిచేయదని నేను అనను. మన వేసవి గాలిలో తేమ తక్కువ కాబట్టి, ఇళ్లలో గడ్డి తడకల కూలర్ చల్లబరిచినట్టే ఇంటర్‌కూలర్ ఫిన్‌ల (పలుచని రేకుల) మీద పడిన నీరు కూడా ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. కాని అది ట్యాంకులో నీళ్లున్నంతసేపే. ముసురు పట్టిన రోజుల్లో ఆ ప్రభావం బాగా పడిపోతుంది. పైగా మన బోరు నీళ్లు పోస్తే, ఆరిన ప్రతిసారీ ఫిన్‌ల మీద తెల్లటి సున్నపు పొర మిగిలి, చివరికి వేడిని బయటికి పోనివ్వదు. చల్లితే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే చల్లాలి.

అసలు సంగతి బూస్ట్‌లో ఉంది. బయట 44 డిగ్రీలున్నప్పుడు 1 బార్ బూస్ట్‌తో, 70 శాతం సామర్థ్యమున్న టర్బో కంప్రెసర్ నుంచి వచ్చే గాలి లెక్క ప్రకారం సుమారు 140 డిగ్రీలకు చేరుతుంది, 1.2 బార్ చేస్తే 155 దాటుతుంది. ఆ వేడిని ఇంటర్‌కూలర్ దించలేకపోతే సిలిండర్లలో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం) మొదలవుతుంది, దాన్ని ఆపడానికి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. మీ కారులో బలం తగ్గడానికి ఇదే కారణం కావచ్చు.

అయినా డబ్బు పెట్టే ముందు ఓబీడీ స్కానర్‌తో (కారు కంప్యూటర్ రీడింగ్‌లు చూపే పరికరం) ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి చూడండి. అయితే ఆ సెన్సర్ ఇంటర్‌కూలర్ తర్వాత ఉన్నదై ఉండాలి, టర్బోకు ముందున్న రీడింగ్ ఇక్కడ పనికిరాదు. టోల్ క్యూలో మాత్రమే పెరిగి, బండి కదలగానే దిగిపోతే అది నిలబడ్డప్పటి వేడి. దానికి పెద్ద ఇంటర్‌కూలర్ అక్కర్లేదు. హైవే వేగంలోనూ ప్రతి ఓవర్‌టేక్‌కూ పెరుగుతూ, నిదానంగా నడిపినా దిగకపోతే అప్పుడు ఇంటర్‌కూలర్‌ను అనుమానించాలి.

అప్పుడు కూడా ముందు బంపర్ విప్పించి చూడండి. బంపర్ తెరుపుకూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య ఫోమ్ పట్టీలు ఊడిపోయి ఉంటే, గాలి ఫిన్‌ల గుండా వెళ్లకుండా పక్కలనుంచి జారిపోతుంది. వరికోతల కాలంలో తిరిగిన బండి అయితే ఫిన్‌ల సందుల్లో పొట్టు, పురుగులు ఇరుక్కుని ఉంటాయి. ఆ పక్కల ఖాళీలు మూసి, ఫిన్‌లు కడిగించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

పెద్దది తప్పదనుకుంటే మందంగా ఉన్నది కాకుండా వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి. ముందుభాగంలో ఉండే ఇంటర్‌కూలర్ మందమైన కొద్దీ వెనకనున్న ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ గాలి తగ్గుతుంది. బిగించాక ఏసీ వేసి, ఎండలో కూలెంట్ ఉష్ణోగ్రత గమనించకుండా దూరప్రయాణం పెట్టుకోవద్దు.

సూర్యాపేట సభ్యుడు:
బోరు నీళ్ల విషయం ఒప్పుకుంటాను. డీజిల్‌కు ఆ నాకింగ్ బాధ లేదు కదా, మరి దానికీ ఇదే మాటా?

నల్లగొండ సభ్యుడు:
దానికీ ఇదే. గాలి వేడెక్కితే పలచబడుతుంది. ఇంధనం మాత్రం అంతే పడితే పొగ పెరిగి, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత టర్బోను దెబ్బతీసేదాకా పోతుంది. అంతవరకూ రాకముందే, వేసవి గడిచేదాకా బూస్ట్ తగ్గించిన మ్యాప్ వేయించుకోవడం మంచిది.