ఈమ్యాక్స్: సొంత కమాండు ఎంచుకున్న భాగం దాటి కింది పేరాను కూడా మార్చేస్తోంది

కొత్తకీబోర్డు:
ఈమ్యాక్స్ (టెక్స్ట్ ఎడిటర్) 29. పక్కపక్కన రెండు మూడు ఖాళీలుంటే ఒక్కటిగా చేసే డీఫన్ (లిస్ప్ భాషలో ఫంక్షన్) రాశాను. వైల్ లూపులో రీ-సెర్చ్-ఫార్వర్డ్ (ముందుకు వెతకడం), రీప్లేస్-మ్యాచ్ (దొరికింది మార్చడం), అంతే. ఎమ్-ఎక్స్ (ఆల్ట్+ఎక్స్) కొట్టి పేరు ఇస్తే "నో మ్యాచ్" అంటోంది. ఎమ్-కోలన్‌తో (లిస్ప్ కోడు నేరుగా నడిపేది) మొదలు, చివర అంకెలిచ్చి పిలిస్తే నడుస్తోంది గానీ, చివర దాటి కింది పేరాలో ఖాళీలు కూడా తీసేస్తోంది. ఎందుకు?

లిస్పుబండి:
మొదటిది తేలిక. ఇంటరాక్టివ్ అనే ఫారం లేని ఫంక్షన్ కమాండు కాదు, ఎమ్-ఎక్స్‌కి కనపడదు. డాక్ స్ట్రింగ్ అయిపోగానే, మిగతా కోడుకి ముందే పెట్టండి. దానికి కోట్స్‌లో చిన్న ఆర్ అక్షరం ఇస్తే ఎంచుకున్న భాగం మొదలు, చివర రెండూ అంకెలుగా వస్తాయి, చిన్నది ముందు. ఆ ఆర్‌కి ముందు ఒక స్టార్ గుర్తు (*) చేరిస్తే రీడ్-ఓన్లీ బఫర్లో (మార్చడానికి వీల్లేని టెక్స్టులో) మొదట్లోనే ఆగిపోతుంది.

ఒక్క జాగ్రత్త: ఏమీ ఎంచుకోకపోయినా, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన మార్క్ (ఎంపిక మొదలయ్యే చోటు) నుంచి కర్సర్ దాకా తీసుకుంటుంది. అందుకని నిజంగా ఏదైనా ఎంచుకున్నారా అని యూజ్-రీజియన్-పీని అడిగి, లేదంటే వదిలేయండి.

బఫర్‌బాబాయ్:
రెండోదానికి కారణం లెక్కే. మీ భాగం 100 నుంచి 400 దాకా అనుకోండి. లోపల 25 ఖాళీలు తీసేశారు. నిజమైన చివర 375కి జరిగింది, మీ వేరియబుల్లో మాత్రం ఇంకా 400 ఉంది. మధ్యనున్న ఆ 25 అక్షరాలు కింది పేరావి.

మొదట్లోనే కాపీ-మార్కర్‌తో చివరను మార్కర్ చేసేయండి. టెక్స్ట్ జరిగితే అదీ జరుగుతుంది. లేదా సేవ్-రెస్ట్రిక్షన్ లోపల న్యారో-టు-రీజియన్ (బఫర్‌ని ఆ భాగానికే కుదించేది) పెట్టి, పాయింట్-మిన్‌కి (దాని మొదలుకి) వెళ్లి, రీ-సెర్చ్-ఫార్వర్డ్‌లో హద్దు దగ్గర నిల్ (ఏమీ లేదని) ఇవ్వండి. నాకైతే ఇదే శుభ్రంగా అనిపిస్తుంది. ఏ దారైనా రీ-సెర్చ్-ఫార్వర్డ్‌కి మూడో ఆర్గ్యుమెంటుగా టీ (t) మరవొద్దు, లేకపోతే లూపు చివర "సెర్చ్ ఫెయిల్డ్" అని ఎర్రర్ వచ్చి కిందున్న కోడు నడవదు.

టెక్స్ట్ పెరిగే మార్పుల్లో ఇదే తప్పు తిరగబడుతుంది: పని సగంలోనే ఆగుతుంది, లేదా కర్సర్ హద్దు దాటి "ఇన్‌వ్యాలిడ్ సెర్చ్ బౌండ్" వస్తుంది. తెలుగు అంకెల్ని 0-9గా మార్చే కమాండులో మాత్రం ఈ బెడదే ఉండదు. ౧ యూటీఎఫ్-8లో మూడు బైట్లయినా ఈమ్యాక్స్ స్థానాలు లెక్కించేది అక్షరాల్లో, ఒకటి పోయి ఒకటే వస్తుంది.

కొత్తకీబోర్డు:
న్యారో చేశాక సరిగ్గా ఆగింది. కమాండుకి షార్ట్‌కట్ కీ కట్టబోతే "సింబల్స్ వాల్యూ యాజ్ వేరియబుల్ ఈజ్ వాయిడ్" అంటోంది.

లిస్పుబండి:
పేరు ముందు సింగిల్ కోట్ పెట్టలేదు. కీమ్యాప్-గ్లోబల్-సెట్‌కి కీ మామూలు స్ట్రింగుగా, కమాండు పేరు కోట్‌తో. 29కి ముందు వెర్షన్లలో గ్లోబల్-సెట్-కీ, కేబీడీ వాడాలి. సీ-సీ (కంట్రోల్+సీ) తర్వాత మామూలు అక్షరం మీకోసమే కేటాయించింది, ఎఫ్5 నుంచి ఎఫ్9 కూడా. సీ-సీ సీ-అక్షరం జోలికి పోవద్దు, అవి మేజర్ మోడ్‌లవి (ఒక్కో రకం ఫైలుకి ఉండే ఈమ్యాక్స్ తీరులు). కట్టాక సీ-హెచ్ కే నొక్కి, ఆ కీ నొక్కితే ఏ కమాండు పలుకుతోందో చెబుతుంది.

బఫర్‌బాబాయ్:
రీస్టార్ట్ చేశాక కమాండు మాయమైతే హోమ్‌లో పాత డాట్-ఈమ్యాక్స్ ఫైలు (మొదలవగానే చదివే సెట్టింగుల ఫైలు) మిగిలుందేమో చూడండి. అది ఉంటే డాట్-ఈమ్యాక్స్-డీ ఫోల్డర్లోని ఇనిట్ ఫైలు చదవనే చదవదు.