‘ఫర్తె తదస్సుమె దమ్’: తెలుగులో ఏమనాలి?

నెల్లూరు:
యునానీ కరపత్రంలో కొలెస్ట్రాల్ జబ్బుకు ‘ఫర్తె తదస్సుమె దమ్’ అని ఉంది. తెలుగు చేసినాయన ‘ఊపిరిలో కొవ్వు’ అని రాశాడు. సరైన మాటేంది? ‘బల్గమ్’ను కఫం అన్నాడు, అదన్నా సరేనా?

ఉదయగిరి:
ఆ దమ్ము వేరు, ఈ దమ్ము వేరన్నా. బిర్యానీకి పెట్టేది పారసీక దమ్, ఊపిరి. ఇది అరబ్బీ దమ్, నెత్తురు. ఫర్త్ అంటే మితిమీరడం, తదస్సుమ్ అంటే జిడ్డుబారడం. శీర్షికకు ‘రక్తంలో అధిక కొవ్వు’ చాలు. పేరు మటుకు కొత్తది. పాత హకీములకు రక్తపరీక్షలు యాడివి? ‘సమనె ముఫ్రిత్’, అంటే మితిమీరిన స్థూలకాయం కిందనే చెప్పారు. ఒళ్ళు మరీ లావైతే రక్తనాళాలు ఇరుకవుతాయని పాతకాలపు హకీము ఇబ్న్ సీనా అప్పుడే రాశాడు.

ఒంగోలు:
కఫం వద్దండీ. చదివేవాళ్ళు తెమడ అనుకుంటారు, లేదా ఆయుర్వేదం అనుకుంటారు. త్రిదోషాల్లో నెత్తురు లేదు. యునానీ నాలుగు ఖిల్తుల్లో, అంటే ఒంటి ద్రవాల్లో, అదీ ఒకటి: దమ్, బల్గమ్, సఫ్రా (పసుపు పైత్యం), సౌదా (నల్ల పైత్యం). బల్గమ్ అంటే పూర్తిగా పక్వం కాని నెత్తురు, చలవ-తేమ గుణం. అందుకే దానికి వేడి-పొడి గుణమున్న మందులిస్తారు. బల్గమ్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఈ వివరం రాయండి. ‘మున్జిజ్’ను విరేచనం అనొద్దు. అది దోషాన్ని పండించేది, ‘ముస్హిల్’ బయటికి తోసేది. పండకముందే తోస్తే చిక్కటి బల్గమ్ కదలదని వాళ్ళ లెక్క.

పొదిలి:
అసలు ప్రమాదం మందుల పేర్లలో ఉంది. ఒళ్ళు తగ్గించే ముహజ్జిల్ చూర్ణంలోని ‘జీరా సియా’ను మాటకు మాట నల్లజీలకర్ర అంటే అంగట్లో కలౌంజీ కట్టిస్తారు. నల్లగా, కోణాలు తేలి ఉంటుందది. కావాల్సింది షాజీరా: సన్నగా, వంకర తిరిగి, గీతలతో ఉండేది. మర్జంజోష్ మరువమే, అజ్వాయిన్ వామే. ‘లుక్ మగ్సూల్’ కడిగిన లక్క. మగ్సూల్ వదిలేసి ఉత్త లక్క అని రాస్తే పుల్లా మట్టీ ఉన్నదే నూరుతారు. దాన్ని ఏరి, పొడిచేసి, మూలికల కషాయంలో కలిపి, గుడ్డలో వడగట్టి, అడుగున పేరింది ఆరబెట్టాలి. సుదాబ్ అంటే సదాప. కడుపుతో ఉన్నవాళ్ళకు కూడదని దాని పక్కనే రాయండి, చివర్లో కాదు.

ఉదయగిరి:
ఇంకోటి. శీర్షికలో ‘రక్తంలో’ తీసేయబాకండి. ఉత్త ‘కొవ్వెక్కువైంది’ అంటే మనకాడ తిట్టు.