బొద్దింక శ్వాస మీద కామిక్: నవ్వుతున్నారు, పాఠం గుర్తుండట్లేదు

పలకాబలపం:
బొద్దింక శ్వాసవ్యవస్థ మీద నాలుగు గడుల కామిక్. రొప్పుతూ డాక్టర్ దగ్గరికొస్తుంది, ఆయన దాన్ని చూసి కుర్చీ ఎక్కేస్తాడు. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. తర్వాత అడిగితే కుర్చీ గుర్తుంది, శ్వాసరంధ్రాల ఊసే లేదు. కింద వివరణ పెట్టినా చదవట్లేదు. ఎక్కడ మార్చాలి?

ఆరుకాళ్లు:
కుర్చీ ఎక్కడానికీ శ్వాసకీ ఏం సంబంధమండీ? బొద్దింక బదులు బల్లిని పెట్టినా ఆ జోకు పేలుతుంది. జంతువును మార్చినా నవ్వొస్తే పాఠం బయటే ఉండిపోయినట్టు. ఇలా వేసి చూడండి. మొదటి గడిలో రొప్పు. రెండో దాంట్లో డాక్టర్ మొహానికి ఆక్సిజన్ మాస్కు పెడతాడు, రొప్పు తగ్గదు. మూడో దాంట్లో మాటల్లేవు, నర్సు వంగి దాని పక్కలు లెక్కపెడుతుంటుంది. నాలుగోది: "డాక్టర్ గారూ, ఇంకో 19 మాస్కులు!"

రంధ్రాలు 10 జతలు: వక్షంలో 2, ఉదరంలో 8. ఆ లెక్క పిల్లలే వేసుకోవాలి, మీరు విప్పి చెప్పారో జోకు చచ్చిందే. కింద వివరణ తీసేయండి.

గీతలగోల:
దానికి ముక్కు మాత్రం గీయకండి. కనుబొమలు, నోరు ఎంత సాగదీసినా ఫర్వాలేదు, పాఠం ఏ అవయవం మీదో దాన్ని ఉన్నదున్నట్టు వేయాలి. ఆరు కాళ్లూ వక్షం నుంచే రావాలి. చాలామంది పొట్టకి తగిలించేస్తారు, ఇక రంధ్రాలకి చోటేదీ? కట్టు కడితే ఎర్ర మరక వద్దు. దాని రక్తానికి రంగు లేదు, ఆక్సిజన్ మోసేది వాయునాళాలే.

ఇంకోటి, ముందు మాటలు రాసుకుని ఆ తర్వాత బుడగ గీయండి. ఇంగ్లిష్ కొలతలతో గీస్తే పై వరస వత్తులు కింది వరస గుడుల్లో ఇరుక్కుంటాయి. వరసల ఎడం అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఉంచండి. బుడగకి పది, పన్నెండు మాటలు చాలు.

పలకాబలపం:
19 అదిరింది! ఆక్టోపస్ మూడు గుండెలు, నీలి రక్తం ఒకే పేజీలో పెట్టొచ్చా?

ఆరుకాళ్లు:
వద్దు. రక్తం నీలంగా ఉండేది హీమోసయనిన్ వల్ల, అంటే ఆక్సిజన్ మోసే, రాగి ఉన్న ప్రోటీన్ వల్ల. దానికి వేరే కామిక్. గుండెల్లో రెండు మొప్పలకి రక్తం పంపుతాయి, మూడోది మిగతా ఒంటికి. ఈదేటప్పుడు ఆ మూడోది ఆగిపోతుంది, అందుకే ఆక్టోపస్ పాకడానికే మొగ్గుతుంది. ఈత పోటీ గీయండి: విజిల్ మోగగానే రెండు గుండెలు పనిలోకి దిగుతాయి, మూడోది దుప్పటి ముసుగేసి "ఈత అయ్యాక లేపండి" అంటుంది. మూడింటినీ ఒకే వరసలో పేర్చకండి. ఒక్కో మొప్ప మొదట్లో ఒకటి, మధ్యలో ముసుగుది.