గోదావరి డెల్టా పెరట్లో ఏ టమాటా వేయాలి: నాటు రకమా, హైబ్రిడ్డా?

ముమ్మిడివరం పెరడు:

దసరా వెళ్లాక టమాటా నారు నాటాలని అనుకుంటున్నాము. ఇంటి వెనుక, కొబ్బరిచెట్ల నీడ పడని చోట రెండు సెంట్ల స్థలం ఉంది. ఒకప్పటి వరిచేను కావడం వలన ఆ మట్టి వానకు బంకలా కాళ్లకు అంటుకుంటుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఏ రకం వేయాలన్న విషయంలోనే ఇంట్లో పేచీ వచ్చింది. ముడతలు తేలి, తొడిమ చుట్టూ పచ్చగా ఉండే నాటు కాయ తప్ప మరేదీ చారుకు పనికిరాదని మా అత్తగారు అంటున్నారు. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ హైబ్రిడ్ వేస్తే తెగుళ్ల బెడద ఉండదని మావారి వాదన. 2023 జూలైలో కిలో ధర వంద దాటినప్పటి నుండి పెరట్లో టమాటా ఉండాలన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తణుకు మిద్దెతోట:

మీ అత్తగారి మాటకే నా ఓటు. తొడిమ చుట్టూ ఉండే ఆ పచ్చదనాన్ని లోపంగా భావించి, కాయంతా ఒకే రంగులో పండే మొక్కలనే దశాబ్దాల పాటు ఏరుకుంటూ వచ్చారు. ఆ ఏరివేతలో, కాయలోని పత్రహరితాన్ని పెంచి చక్కెరలు చేరడానికి తోడ్పడే ఒక జన్యువు పనిచేయకుండా పోయిందని 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. మన పెద్దవాళ్లు నాలుకతో పట్టుకున్న తేడాకు అదొక ఆధారం. మదనపల్లె నుండి క్రేట్లలో ఒకదానిపై ఒకటి ఒత్తుకుంటూ వచ్చే కాయకు గట్టి తోలు అవసరమే గాని, పెరట్లో కోసి నేరుగా వంటింట్లోకి తెచ్చే కాయకు ఆ తోలుతో పని లేదు.

రెండవ కారణం విత్తనం. టమాటా తనలో తానే పరాగ సంపర్కం జరుపుకునే మొక్క కనుక నాటు రకంలో మంచి కాయ నుండి తీసిన విత్తనం మళ్లీ అదే కాయను ఇస్తుంది. గుజ్జుతో సహా గింజలను గిన్నెలో రెండు రోజులు పులియనిచ్చి, పైన తేలిన తెట్టును పారబోసి, అడుగున మిగిలిన గింజలను కడిగి నీడలో ఆరబెట్టుకుంటే మరుసటి ఏడాదికి సరిపోతాయి. హైబ్రిడ్ కాయ నుండి తీసిన గింజ వేస్తే ఏ మొక్క ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేరు.

కడియం నారు:

నేను నారు పెంచి అమ్ముకునేవాణ్ణి కనుక నా మాటను ఆ మేరకు తగ్గించుకుని చదవండి. తణుకువారు రుచి గురించి రాసినది కాదనను. అయితే వారిది మిద్దె మీద కుండీలలో కొని తెచ్చిన మట్టి, ప్రశ్న అడిగినవారిది వరిచేను మట్టి.

డెల్టా నేలలో టమాటాకు మొదటి శత్రువు బాక్టీరియా ఎండు తెగులు. పూత మీద ఉన్న మొక్క, ఆకు కూడా పసుపు తిరగకుండా, పచ్చగా ఉండగానే మధ్యాహ్నం తలవాలుస్తుంది. సాయంత్రానికి కొంత తేరుకున్నట్టు కనిపించడం వలన నీరు చాలలేదనుకుని మరో బిందె పోస్తారు, దానితో తెగులు పక్క మొక్కకు కూడా పాకుతుంది. నాలుగైదు రోజులలో మొక్క నిలువునా వాడిపోతుంది. అనుమానం ఉంటే మొదలు దగ్గర కాండాన్ని జానెడు ముక్కగా కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొన నీటికి తగిలేలా కదపకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాలలో ఆ కొన నుండి పాలవంటి తెల్లని ధార సన్నగా కిందికి జారితే అది ఈ తెగులే. ధార రాక, అడుగు ఆకులు ముందుగా పసుపెక్కి ఉంటే శిలీంధ్రం వలన వచ్చే ఎండు తెగులేమో చూడాలి.

ఈ బాక్టీరియా మట్టిలోనే ఏళ్ల తరబడి బతుకుతుంది, పారే నీటితో ప్రయాణిస్తుంది, వంగ, మిరప మొక్కలనూ పడుతుంది. దీనికి మందు కొట్టి నయం చేసే మార్గం లేదు. అర్క రక్షక్ ఈ తెగులుతో పాటు ఆకుముడత వైరస్‌ను, ఆకుమాడు తెగులును కూడా తట్టుకునేలా రూపొందిన హైబ్రిడ్. రుచి గురించి మాట్లాడుకోవాలంటే ముందు కాయ చేతికి రావాలి కదా.

తణుకు మిద్దెతోట:

నా మట్టి గురించి చెప్పినది ఒప్పుకుంటాను. అయినా ఒక మాట అడగాలి. అర్క రక్షక్ ఒక్కో మొక్కకు 19 కిలోలు కాసిందని పత్రికలలో వచ్చిన వార్త చదివి ఎందరో మోజుపడ్డారు. అది బిందు సేద్యంతో, లెక్క ప్రకారం ఎరువులతో చేసిన వ్యవసాయం. అందులో సగం ఆశించి పెరట్లో వేసినవారు కూడా నిరాశపడటం చూశాను. పైగా తట్టుకునే శక్తి అంటే అభేద్యమైన కవచం కాదు. నేల బాగా వేడెక్కినా, వేళ్లను నులిపురుగులు గాయపరిచినా ఆ శక్తి సడలుతుంది.

లంక గట్టు:

గోదావరి లంకలలో ఇసుక కలిసిన ఒండ్రు నేల కావడం వలన నీరు నిలవదు, కాబట్టి కడియంవారు చెప్పిన తెగులు మా దగ్గర తక్కువగా కనిపిస్తుంది. నాటు రకాలే వేస్తాము, బాగానే కాస్తాయి. మాకు తలనొప్పి నులిపురుగులే. మొక్క పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు ఉంటాయి. టమాటాకు ముందు ఆ మడిలో బంతి వేయడం అలవాటు చేసుకున్నాక కొంత ఊరట కలిగింది. ఇక్కడ ఉన్నవారికి, ముమ్మిడివరం నల్లమట్టి వారికి ఒకే రకం సిఫారసు చేయడం సరికాదు.

అమలాపురం విశ్రాంత అధికారి:

ఉద్యాన శాఖలో పనిచేసినవాడిగా ఈ చర్చలో నాటు, హైబ్రిడ్ అన్న గీత గీసిన చోటే నాకు అభ్యంతరం ఉంది. మనం నాటు అని పిలుచుకునే ముడతల కాయ చాలా చోట్ల ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా రూబీయో, దాని సంతతో అయి ఉంటుంది. దాని తల్లిదండ్రులలో ఒకటైన సూ అమెరికా రకం. అర్క వికాస్ కూడా టిప్‌టాప్ అనే అమెరికా రకం నుండి ఎంపిక చేసినదే. ఇవి చారుకు మేలైనవే, విత్తనం దాచుకోదగినవే, కానీ ఎండు తెగులు ముందు నిలబడలేవు.

విత్తనం దాచుకోగలిగే రకాలలోనే ఆ తెగులును తట్టుకునేవి ఉన్నాయన్న సంగతి ఇద్దరిలో ఎవరూ ప్రస్తావించలేదు. హెసరఘట్ట సంస్థదే అర్క ఆభా ఉంది, అర్క అలోక్ ఉంది. మనలాగే వాన, ఉక్కపోత ఎక్కువగా ఉండే కేరళలో అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం శక్తి, ముక్తి, అనఘ అనే రకాలను ఈ తెగులును దృష్టిలో పెట్టుకునే విడుదల చేసింది. వీటి కాయలు దుకాణంలో ఆకర్షణీయంగా కనిపించవు, అందుకే వ్యాపార నర్సరీలలో అరుదు. పెరటికి ఆ లోపం లోపమే కాదు. కొత్తగా వచ్చిన అర్క అభేద్ గురించి కూడా కొందరు అడుగుతున్నారు. అది అదనంగా తట్టుకునే లేట్ బ్లైట్ తెగులుకు చల్లని తడి వాతావరణం కావాలి కనుక మన డెల్టాలో ఆ అదనపు గుణానికి పెద్దగా పని పడదు.

ఇక రకం కన్నా ఎక్కువగా పంటను నిర్ణయించేది నెల. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి ఉష్ణోగ్రత 24 డిగ్రీలకు దిగకపోయినా పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలిపోతుంది. సముద్రం దగ్గరగా ఉండడం వలన మన వేసవి రాత్రులు చల్లబడవు, ఆ రోజులలోనే తెల్లదోమ పెరిగి ఆకుముడతను తెస్తుంది, కాలువలు కట్టేసేదీ ఆ రోజులలోనే. కాబట్టి ఏప్రిల్, మే నెలలలో కాయ కోసం ఏ రకంతోనూ పాట్లు పడవద్దు. అక్టోబరులో నారు పోసి, నవంబరులో నాటితే సంక్రాంతి చలికి పూత నిలుస్తుంది. తుపాను భయం మాత్రం ఉంటుంది, 2018లో పెథాయ్ డిసెంబరు మధ్యలో వచ్చింది. నీరు ఒకటి రెండు రోజులు నిలిచినా వేళ్లకు గాలి అందక మొక్క చచ్చిపోతుంది, అందువల్ల మోకాలెత్తు మడులు, చుట్టూ కాలువ తప్పనిసరి.

ముమ్మిడివరం పెరడు:

అందరికీ ధన్యవాదాలు. మడులు ఎత్తు చేయడానికి మావారు ఒప్పుకున్నారు. మా అత్తగారు మాత్రం తన పాత విత్తనాన్ని వదలనంటున్నారు. ఆ కాయే కావాలంటే ఈ నేలలో మరో దారి ఉన్నదా?

కడియం నారు:

ఉంది, కాస్త శ్రమపడాలి. ఎండు తెగులును, నీటి ముంపును తట్టుకునే వంగ వేరుమొక్కల మీద టమాటా అంటుకట్టే పద్ధతిని తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం ప్రచారంలోకి తెచ్చింది. ఈజీ 203 అనే వంగ రకం అందుకు ప్రసిద్ధి. ఉస్తికాయ మొక్క మీద కూడా కడతారు. వేరు వంగది, కాయ మీ అత్తగారిది. ముందుగానే చెప్పుకుంటే కట్టి ఇచ్చే నర్సరీలు ఉన్నాయి.

తణుకు మిద్దెతోట:

ఇది నాకూ సమ్మతమే. హైబ్రిడ్ అక్కరలేదన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

అమలాపురం విశ్రాంత అధికారి:

అంటు మొక్కలు తెస్తే నాటేటప్పుడు ఒక జాగ్రత్త పాటించండి. మామూలు టమాటా నారును కొత్త వేళ్లు పుడతాయని కాండం సగం దాకా మట్టిలో దింపుతాము. అంటు మొక్కను అలా దింపకూడదు. అంటు పడిన చోటు నేల నుండి కనీసం మూడు నాలుగు వేళ్ల ఎత్తున ఉండాలి. ఊతకర్రకు వదులుగా కట్టండి, మట్టి ఎగదోసేటప్పుడు ఆ చోటు కప్పుకోకుండా చూడండి. పై భాగం మట్టిని తాకితే టమాటా తన వేళ్లు తానే దింపుకుంటుంది, ఆ వేళ్ల గుండా తెగులు లోపలికి వస్తుంది.